మేళం ఏ మలుపు దగ్గర ఆగాలి? ఉత్తర ఐర్లాండ్ ఊరేగింపుల తగాదా

ఉత్తర ఐర్లాండ్‌లో వీధిలో ఊరేగింపు తీయాలంటే 28 రోజుల ముందు పోలీసులకు ఒక ఫారం ఇవ్వాలి. దాని నంబరు 11/1. తేదీ, సమయం, ఏ వీధి నుంచి ఏ వీధికి, ఎంతమంది నడుస్తారు, ఏయే బ్యాండ్లు వస్తాయి, జనాన్ని అదుపు చేసే ఏర్పాట్లేమిటి, నిర్వాహకుడి పేరు, చిరునామా రాయాలి. శవయాత్రకు ఇదేం అక్కర్లేదు. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ వాళ్లకూ మినహాయింపు ఉంది, ఎందుకోగానీ వాళ్ల మేళంతో ఎవరికీ పేచీ రాలేదు. ఊరేగింపుకు ఎదురు నిలబడి నిరసన తెలపదలచినవాళ్లు 14 రోజుల ముందు ఇంకో ఫారం నింపాలి.

కాథలిక్కులకూ ప్రొటెస్టంట్లకూ గొడవ అనగానే పోపు గురించో మరియమాత గురించో వాదన అనుకుంటాం. 1990లలో అక్కడ చాలాసార్లు తలలు పగిలింది ఊరేగింపు ఏ దారిన వెళ్లాలన్న దాని మీద.

1690లో బోయిన్ నది ఒడ్డున ప్రొటెస్టంట్ రాజు మూడో విలియం, కాథలిక్ రాజు రెండో జేమ్స్‌ను ఓడించాడు. 1795లో ఆర్మా ప్రాంతంలో పుట్టిన ఆరెంజ్ ఆర్డర్ అనే ప్రొటెస్టంట్ సంఘం ఏటా జూలై 12న ఆ గెలుపును పండగలా చేస్తుంది. మెడలో నారింజ రంగు పట్టీలు, ముందు వేణువులూ డ్రమ్ములూ. ఈస్టర్ నుంచి సెప్టెంబరు దాకా ఇలాంటివి వేలల్లో జరుగుతాయి. వాటిలో చాలావాటికి ఎవరూ అడ్డు చెప్పరు. చిక్కల్లా, ఎప్పుడో పొలాల మధ్య నడిచిన దారికి ఇప్పుడు రెండు పక్కలా కాథలిక్కుల ఇళ్లు వచ్చిన చోట. తాతల నాటి దారి అని వీళ్లంటారు. మమ్మల్ని ఓడించిన పండగ మా గుమ్మం ముందు ఎందుకని వాళ్లంటారు. రెండు మాటలూ నిజమే, అందుకే ఎంతకీ తెగలేదు.

పోర్టడౌన్ పట్టణం శివార్లలోని డ్రమ్‌క్రీ చర్చి దీనికి పాఠం లాంటిది. జూలై 12కి ముందు వచ్చే ఆదివారం ఆరెంజ్ సభ్యులు అక్కడ ఆరాధన ముగించుకుని గార్వాగీ రోడ్డు మీదుగా తిరిగొచ్చేవారు. 1995లో పోలీసులు ఆపారు. మొండిగా నిలబడ్డాక, మేళం లేకుండా నడిచేట్టు వదిలారు. అంతవరకూ బాగానే ఉంది. ఊరేగింపు చివర్లో ప్రొటెస్టంట్ల రాజకీయ నాయకులు డేవిడ్ ట్రింబుల్, ఇయాన్ పైస్లీ చేతులు కలిపి పైకెత్తారు. ఆ ఒక్క దృశ్యంతో రాజీ కాస్తా విజయోత్సవమై కూర్చుంది. 1996లో పోలీసు అధిపతి మొదట దారి మూసేశాడు. నాలుగు రోజులు ఊరూరా రాస్తారోకోలు, దహనాలు. గురువారం నాడు ఆయనే మాట మార్చి, గార్వాగీ రోడ్డు మీద కూర్చున్న కాథలిక్కులను లాఠీలతో తప్పించి ఊరేగింపును పంపించాడు.

లోపం ఎక్కడుందో ఇక్కడ తేటతెల్లంగా కనిపిస్తుంది. ఎటు గొడవ పెద్దదైతే అటు ఒగ్గడం తప్ప పోలీసు అధికారికి వేరే దారి లేదు, ఆయన పని శాంతిభద్రతలే మరి. ఆ సంగతి తెలిశాక ఇరుపక్షాలూ ఏం చేస్తాయి? మరుసటి ఏడు ఇంకా ఎక్కువమందిని పోగేస్తాయి. నిర్ణయించేవాళ్లు వేరు, అమలు చేసేవాళ్లు వేరు ఉండాలని 1997 జనవరిలో, ప్రభుత్వం వేయించిన పీటర్ నార్త్ నివేదిక చెప్పింది. 1998 చట్టంతో, పోలీసులతో సంబంధం లేని పరేడ్స్ కమిషన్‌కు నిర్ణయించే అధికారం వచ్చింది. ఆ జూలైలోనే కమిషన్ గార్వాగీ రోడ్డు వద్దంది. సైన్యం కందకం తవ్వి, ముళ్లకంచె వేసి అడ్డుకుంది. ఆ తర్వాత ఆరెంజ్ ఊరేగింపు మళ్లీ ఆ రోడ్డెక్కలేదు.

పోలీసులకు అందిన ఫారం కమిషన్‌కు వెళ్తుంది. కమిషన్ చూడాల్సినవి చట్టంలోనే ఉన్నాయి: అల్లర్లు, ఆస్తినష్టం జరిగే ప్రమాదం, స్థానికుల రోజువారీ జీవితానికి ఇబ్బంది, సమాజంలో సంబంధాలపై ప్రభావం, నిర్వాహకులు గతంలో నియమావళి పాటించారా లేదా, ఆ దారిన నడవడం ఆనవాయితీయా. చివరిది ఆరెంజ్ ఆర్డర్‌కు దన్ను, సంబంధాల మాట ఎదుటివాళ్లకు. ఊరేగింపుకు ఐదు పనిదినాల ముందే తీర్పు రావాలన్నది కమిషన్ పద్ధతి. షరతు మీరితే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు.

అసలు పనితనమంతా షరతుల్లో ఉంది. ఊరేగింపును పూర్తిగా ఆపేయడం అరుదు. ఫలానా కూడలి నుంచి ఫలానా కూడలి దాకా పాట ఉండదు, అడుగు కలవడానికి ఒక్క డ్రమ్ము మాత్రం ఒక్కో దెబ్బ వేస్తూ సాగాలి. ఫలానా చోటు ఇన్ని గంటలకల్లా దాటిపోవాలి. ఒకటే బ్యాండు, వెంట నడిచే అభిమానులు వద్దు. చర్చి ముందు కీర్తనల బాణీలే. ఇంత చిన్న చిన్న కొలతలెందుకో 2012లో బెల్‌ఫాస్ట్‌లో తెలిసొచ్చింది. పెద్ద ఊరేగింపులో ముందువాళ్లు ఆగితే వెనకవాళ్లూ ఆగాల్సిందే. ఆ జూలై 12న అలా ఆగినప్పుడు ఒక బ్యాండు డోనెగల్ వీధిలోని సెయింట్ పాట్రిక్ కాథలిక్ చర్చి ముందు గుండ్రంగా తిరుగుతూ, కాథలిక్కులను కించపరిచే పాటగా పేరుపడ్డ బాణీ వాయించింది. అది వీడియోకెక్కింది. ఆ తర్వాత ఆ చర్చి ముందు ఏ బాణీ వాయించాలన్నది కమిషన్ రాతపూర్వకంగా చెప్పాల్సి వచ్చింది. ఊరేగింపు ఎక్కడ నడుస్తుందన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఎక్కడ ఆగుతుందో కూడా చూసుకోవాలి.

ఈ యంత్రం మొరాయించే చోట్లూ ఉన్నాయి. కమిషన్‌తో మాట్లాడేది లేదని ఆరెంజ్ ఆర్డర్ చాలా ఏళ్లు భీష్మించుకుంది. వాళ్లు వెళ్లకపోతే కమిషన్ చెవిన పడేది అవతలివాళ్ల వాదనే కదా. నా లెక్కన ఆ పంతం వల్ల ఎక్కువ నష్టపోయింది వాళ్లే.

అసలు ఫారమే ఇవ్వకపోతే? 2012 డిసెంబరు 3న బెల్‌ఫాస్ట్ నగర మండలి బ్రిటిష్ జెండాను నిర్ణీత రోజుల్లోనే ఎగరేయాలని తీర్మానించింది. దాని మీద ప్రొటెస్టంట్ల వారం వారం నిరసన ఊరేగింపులు, చెప్పాపెట్టకుండా, కాథలిక్కులుండే షార్ట్ స్ట్రాండ్ పక్కనుంచి. కమిషన్‌కు కాగితమే రాలేదు కాబట్టి తీర్పు లేదు. ఆపే అధికారం తమకు లేదని పోలీసులు ఊరుకున్నారు. ముందుగా తెలపని ఊరేగింపులో పాల్గొనడమే నేరమని, పోలీసులు చట్టాన్ని తప్పుగా అర్థం చేసుకున్నారని 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికి నాలుగేళ్లు గడిచిపోయాయి.

డెర్రీలో మాత్రం కథ వేరుగా నడిచింది. 1969 ఆగస్టులో అప్రెంటిస్ బాయ్స్ అనే ప్రొటెస్టంట్ సంఘం ఊరేగింపు రోజునే, కాథలిక్కులుండే బాగ్‌సైడ్‌లో పోరు మొదలై, రెండు రోజుల్లో బ్రిటిష్ సైన్యం వీధుల్లోకి దిగింది. అలాంటి ఊళ్లో 1990ల చివర వ్యాపారులు మధ్యవర్తులయ్యారు. షట్టర్లు దించుకోవాల్సి వస్తే నష్టం వాళ్లకే మరి. అప్రెంటిస్ బాయ్స్ నాయకులు బాగ్‌సైడ్ వాసుల ప్రతినిధులతో ఎదురెదురుగా కూర్చున్నారు. పోర్టడౌన్‌లోనేమో స్థానికుల నాయకుడికి, బ్రిటిష్ పాలన మీద తుపాకీ పట్టిన ఐఆర్‌ఏ కేసులో శిక్ష పడిందని ఆరెంజ్ వాళ్లు ముఖాముఖి చర్చలకే ఒప్పుకోలేదు.

ఉత్తర బెల్‌ఫాస్ట్‌లో కాథలిక్కులుండే ఆర్డోయిన్‌లో తగాదా సాయంత్రం గురించి. పొద్దున వెళ్లడం కన్నా, రోజంతా పండగ చేసుకుని, తాగినవాళ్లు వెంట రాగా తిరిగి రావడం ప్రమాదం. 2013లో కమిషన్ పొద్దున వెళ్లనిచ్చి సాయంత్రం తిరిగి రావద్దంది. దాంతో ఆరెంజ్ వాళ్లు ట్వాడెల్ అవెన్యూ దగ్గర శిబిరం వేసి, మూడేళ్లకు పైగా నిరసన సాగించారు. పోలీసు బందోబస్తు ఖర్చు రెండు కోట్ల పౌండ్లు దాటింది. 2016 అక్టోబరు 1న, మూడేళ్ల కింద ఆగిపోయిన ఆ తిరుగు నడకను పొద్దున 8:30కి పూర్తి చేసి శిబిరం ఎత్తేశారు. ఒప్పందం ప్రకారం, ఇరుపక్షాలకూ కుదిరేదాకా సాయంత్రం ఊరేగింపుకు దరఖాస్తు పెట్టకూడదు. అయితే ఒప్పుకున్నది ఆర్డోయిన్‌లోని ఒక నివాసుల సంఘమే. చర్చల్లో లేని రెండో సంఘం ఆ పొద్దున రోడ్డు పక్కకొచ్చి నిరసన తెలిపింది.