బంగారు రేకు చుట్టిన స్పాంజి

మూడేళ్లుగా మా అమ్మకు ఉన్నట్టుండి కళ్లు తిరిగేవి. ముందు ఎడమ చెవి దిబ్బడేసి హోరుమని మోత, ఆ తర్వాత ఇల్లంతా గిర్రున తిరిగిపోయి గంటా రెండు గంటలు వాంతులతో మంచం పట్టుకుని పడుకునేది. ఒక డాక్టరు మెడ ఎముకలు అరిగాయన్నారు, ఇంకొకరు టెన్షన్ అన్నారు. "నాకేమీ లేదులేరా, ఊరికే అట్ల అనిపిస్తాదేమో" అని అమ్మే అన్న రోజు నాకు ఏడుపొచ్చింది. హిందూపురం నుంచి బెంగళూరులో మా ఇంటికి తీసుకొచ్చేశాను.

ఇక్కడ ఈఎన్‌టీ డాక్టరు మొదట మామూలు వినికిడి పరీక్ష చేయించారు. ఎడమ చెవికి 250, 500 హెర్ట్జ్ దగ్గర, అంటే బొంగురు శబ్దాల దగ్గర, వినికిడి తగ్గింది. కానీ అందులో వినపడిందో లేదో మనమే బటన్ నొక్కి చెప్పాలి. తర్వాత రాసిన ఎలక్ట్రోకాక్లియోగ్రఫీలో మనల్ని ఏమీ అడగరు, నేరుగా చెవినే అడుగుతారు. నుదుటి మీద ఒక ఎలక్ట్రోడ్ అంటించి, చెవిలో బంగారు రేకు చుట్టిన చిన్న స్పాంజి పెట్టారు. "ఇది బంగారమేనా పాపా?" అని అమ్మ అడిగితే "హౌదమ్మా, బంగారమే" అంది ఆడియాలజిస్టు.

చెవిలో టకటకమని క్లిక్కులు వేస్తూ, లోపలి చెవీ దాని నరమూ పుట్టించే కరెంటును కొలుస్తారు. అది మైక్రోవోల్టుల్లో, అంటే వోల్టులో పది లక్షల వంతుల్లో ఉంటుంది, మెదడు, కండరాల కరెంటులో మునిగిపోతుంది. అందుకే వందల కొద్దీ క్లిక్కులకు వచ్చిన జవాబులను కంప్యూటర్ కలిపి సగటు తీస్తుంది, మనం దవడ కూడా బిగించకుండా పడుకోవాలి. అమ్మ హాయిగా నిద్రపోయింది.

గీతలో ముందు చిన్న మెట్టు, వెంటనే పెద్ద శిఖరం. మెట్టు ముఖ్యంగా శబ్దాన్ని కరెంటుగా మార్చే కణాలది, శిఖరం నరానిది. లోపలి చెవిలో నత్తగుల్ల లాంటి కాక్లియాలో ద్రవం ఎక్కువై పొరలు ఉబ్బితే, శిఖరంతో పోలిస్తే మెట్టు పెరుగుతుంది. మెట్టు ఎత్తును శిఖరం ఎత్తుతో భాగించి చూస్తారు. ఎంత దాటితే ఎక్కువ అనే హద్దు పరికరాన్ని బట్టి మారుతుంది, మాకు చెప్పింది 0.5. అమ్మ కుడి చెవి 0.25, ఎడమ చెవి 0.6.

మెనియర్స్ జబ్బు అన్నారు. ఇలాంటి కళ్లు తిరుగుడు లోపలి చెవి నుంచి రావచ్చని పారిస్‌లో ప్రాస్పర్ మెనియేర్ అనే డాక్టరు 1861లోనే చెప్పాడు, మా అమ్మ దాకా ఆ మాట రావడానికి ఇన్నాళ్లు పట్టిందా అని బాధేసింది. అయితే ఈ ఒక్క పరీక్షతో తేల్చేయలేదు. ఎన్నిసార్లు వచ్చింది, ఎంతసేపు ఉంది అన్నీ అడిగి రాసుకున్నారు, నరం మీద గడ్డ లేదని ఎంఆర్ఐ కూడా తీయించారు. జబ్బు నెమ్మదించినప్పుడు చేస్తే ఈ పరీక్ష మామూలుగానే రావచ్చట, మేం వెళ్లింది కళ్లు తిరిగిన మూడో రోజు.

ఉప్పు తగ్గించమన్నారు. ఊరగాయ, ఊరమిరపకాయలు లేకుండా అన్నం తినడం అమ్మకు చాలా కష్టంగా ఉంది, అయినా మానేసింది. ఆ గ్రాఫు కాగితాన్ని మడిచి పర్సులో పెట్టుకుంది. నిన్న ఫోన్లో చిన్నమ్మకు చెప్తోంది: "టెన్షనూ కాదు, మెడా కాదే. చెవి లోపల నీళ్లు ఎక్కువైనాయంట. గీత గీసి చూపించినారు."