రెండు సిలిండర్ల సింగిల్ సిక్స్: కొనడం నుంచి గురి కుదిరేదాకా నా అనుభవం

నేనుండేది డల్లాస్ దగ్గర. గ్రీన్ కార్డ్ వచ్చాక కొనుక్కున్న మొదటి గన్ రూగర్ న్యూ మోడల్ సింగిల్ సిక్స్ కన్వర్టిబుల్. కన్వర్టిబుల్ అంటే ఒక రివాల్వర్‌కి రెండు సిలిండర్లు (తూటాలు పెట్టే, గుండ్రంగా తిరిగే భాగం) వస్తాయి, ఒకటి .22 ఎల్ఆర్ (లాంగ్ రైఫిల్) తూటాకి, ఇంకోటి .22 మ్యాగ్నమ్ కి. అందరూ గ్లాక్ పిస్టల్ తీసుకో అన్నారు కానీ నాకు కావాల్సింది షూటింగ్ నేర్చుకోడం, గుంటూరులో కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ క్యాంపులో బోర్లా పడుకుని .22 రైఫిల్ పేల్చినప్పటి నుంచి ఆ ఇష్టం అలాగే ఉండిపోయింది. ఇది సింగిల్ యాక్షన్ గన్, ప్రతి రౌండ్‌కీ (తూటాకీ) బొటనవేలితో హామర్‌ని, అంటే వెనకుండే సుత్తిని, వెనక్కి లాగాలి, లేకపోతే ట్రిగ్గర్ నొక్కినా ఏమీ కాదు. తొందరపడ్డానికి వీల్లేదు. అందుకే నేర్చుకునేవాళ్లకి దీన్ని మించింది లేదని నా గట్టి అభిప్రాయం.

ముందు లీగల్ సంగతి, ఎందుకంటే మనవాళ్లలో చాలామందికి ఇది తెలీదు. హెచ్1బి, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఫెడరల్ చట్టం ప్రకారం గన్ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, అవి లేకపోతే రేంజ్‌కి వెళ్లి అద్దె గన్ చేతిలోకి తీసుకున్నా అది కూడా పొసెషన్ (దగ్గర పెట్టుకోవడం) కిందకే వస్తుంది. వీకెండ్ సరదా అనుకుని ఫొటోలు కూడా పెట్టేస్తుంటారు, అది చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. గ్రీన్ కార్డ్ ఉంటే ఈ అడ్డు లేదు. ఒక తమ్ముడైతే "అన్నా, నీ పేరు మీద నాకోటి తీసుకో" అని అడిగాడు, కుదరదని చెప్పేశాను, ఎందుకంటే ఫారంలో మొదట్లోనే అడుగుతారు అసలు కొనుక్కునేది నువ్వేనా అని, అబద్ధం చెప్తే ఫెడరల్ నేరం.

ఆ ఫారం పేరు 4473. షాపు నుంచి హ్యాండ్ గన్ కొనాలంటే 21 ఏళ్లు నిండాలి, టెక్సాస్‌లో దీనికి విడిగా పర్మిట్ అక్కర్లేదు, వెయిటింగ్ పీరియడ్ కూడా లేదు. ఇప్పటి అడ్రస్ ఉన్న డ్రైవింగ్ లైసెన్స్ కావాలి, అడ్రస్ మారితే ముందు అది మార్పించుకుని వెళ్లండి. ఏ దేశ పౌరుడివి అన్నచోట ఇండియా అని రాయాలి, గ్రీన్ కార్డ్ మీదున్న నంబర్ వెయ్యాలి, కార్డ్ జేబులో పెట్టుకెళ్లడం మంచిది. నాన్ ఇమిగ్రెంట్ వీసా ప్రశ్న దగ్గర ఆగి నెమ్మదిగా చదువుకోండి. గంజాయి ప్రశ్న కూడా ఉంటుంది, మీ రాష్ట్రంలో లీగల్ అయినా ఫెడరల్‌గా కాదని అక్కడే రాసి ఉంటుంది. తర్వాత షాపువాళ్లు ఎఫ్‌బీఐ చెకింగ్‌కి పంపిస్తారు, ప్రొసీడ్, డిలేడ్, డినైడ్ అని మూడు రకాల జవాబులొస్తాయి. నాకు డిలేడ్ వచ్చింది. డిలేడ్ అంటే కాదన్నట్టు కాదు, ఇంకా చూస్తున్నాం అని. మూడు వర్కింగ్ డేస్ దాటినా జవాబు రాకపోతే చట్టప్రకారం షాపువాళ్లు ఇచ్చేయొచ్చు, ఇవ్వాలా వద్దా అన్నది వాళ్లిష్టం. నాకు ఆ లోపే ప్రొసీడ్ వచ్చింది, వెళ్లి తెచ్చుకున్నాను.

ఇంట్లో మా ఆవిడ "పిల్లలు తిరిగే ఇంట్లో ఇదెందుకండీ" అంది. ఆ మాటలో న్యాయం ఉంది, అందుకే గన్ కంటే ముందు సేఫ్ కొని గోడకి బోల్టులు వేయించాను. టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లల చేతికి లోడ్ చేసిన గన్ అందేలా వదిలేస్తే కేసు అవుతుంది. కేసు సంగతి పక్కన పెట్టినా పిల్లల ప్రాణం కదా. గన్ సేఫ్‌లో, తూటాలు వేరే తాళంలో. అమ్మకి ఫోన్‌లో చెప్తే "జాగ్రత్త నాన్నా" అని ఊరుకుంది, మా అమ్మ దానికే ఒప్పుకుందంటే గొప్ప.

ఇక సిలిండర్ మార్చడం. కుడివైపు లోడింగ్ గేట్ (తూటాలు దూర్చే చిన్న తలుపు) తెరవాలి, న్యూ మోడల్‌లో గేట్ తెరిస్తే సిలిండర్ ఫ్రీగా తిరుగుతుంది, హామర్ లాగడానికి రాదు. ఒక్కో చాంబర్ (తూటా కూర్చునే గది) తిప్పుకుంటూ ఆరూ ఖాళీయో కాదో కళ్లతో చూసి, వేలు పెట్టి కూడా చూడాలి. బ్యారెల్ కింద ముందుభాగంలో చిన్న లాచ్ ఉంటుంది, అది నొక్కి బేస్ పిన్ (సిలిండర్ తిరిగే ఇరుసు) ముందుకి లాగితే సిలిండర్ కుడిపక్కకి దొర్లి చేతిలో పడుతుంది. రెండోది పెట్టి, పిన్ లాచ్ పట్టేదాకా నెట్టి, గేట్ మూసి చూసుకోవాలి. టూల్ ఏదీ అక్కర్లేదు.

రెండు సిలిండర్లు ఎందుకంటే తూటాలు పేరుకే రెండూ .22. ఎల్ఆర్ కేస్ (తూటా వెనకుండే ఇత్తడి గొట్టం) వ్యాసం సుమారు 0.226 అంగుళాలు, 1959లో వించెస్టర్ తెచ్చిన మ్యాగ్నమ్‌ది 0.242, పొడవు కూడా బాగా ఎక్కువ. మ్యాగ్నమ్ రౌండ్ ఎల్ఆర్ సిలిండర్‌లో దూరనే దూరదు, కాబట్టి ఆ వైపు నుంచి ప్రమాదం లేదు. ఎల్ఆర్ రౌండ్ మాత్రం మ్యాగ్నమ్ సిలిండర్‌లోకి జారిపోతుంది, పేలుతుంది కూడా, కానీ కేస్ వదులుగా ఉండి ఉబ్బుతుంది, చీలుతుంది, వేడి గ్యాస్ వెనక్కి కొడుతుంది. ఇదొక్కటి కచ్చితంగా గుర్తు పెట్టుకోవాలి. మ్యాగ్నమ్ సిలిండర్ మీద ఏ రౌండ్‌కో చెక్కి ఉంటుంది, అయినా నేను టేబుల్ మీద ఒకసారికి ఒక రకం డబ్బానే పెడతాను, రెండోది బ్యాగ్‌లోంచి బయటికే తియ్యను.

రేంజ్‌లో ఎల్ఆర్‌తో మొదలుపెట్టాను. గేట్‌లోంచి ఒక్కోటి దూర్చి, ఆరు పేల్చి, మళ్లీ గేట్ తెరిచి కింద ఉన్న రాడ్‌తో ఒక్కో ఖాళీ కేస్ బయటికి తోస్తూ, ముగ్గు పెట్టినంత ఓపిగ్గా చెయ్యాల్సిన పని ఇది. గన్ వెనక్కి తన్నడం దాదాపు లేదు, అందుకే మన తప్పంతా టార్గెట్ మీద కనిపిస్తుంది, ట్రిగ్గర్ గుంజితే ఎటు గుంజామో తెలిసిపోతుంది. ఎడమ చేతి వేళ్లు సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు దగ్గరికి పోనివ్వకూడదు, అక్కడ్నుంచి గ్యాసూ సీసం తునకలూ చిమ్ముతాయి. రౌండ్ పేలకపోతే మజిల్ (గన్ మూతి) టార్గెట్ వైపే పెట్టి కనీసం అరనిమిషం ఆగాలి.

మ్యాగ్నమ్ పెట్టాక గన్ స్వభావమే మారిపోయింది. సీసీఐ కంపెనీ మ్యాక్సీ మ్యాగ్ 40 గ్రెయిన్ (బులెట్ బరువు) తూటాల డబ్బా మీద సెకనుకి 1875 అడుగులని ఉంటుంది, అది రైఫిల్ లెక్క. ఐదారు అంగుళాల బ్యారెల్‌లో తూటాలోని మందుగుండంతా కాలే టైం ఉండదు, అందుకని వేగం బాగా తగ్గుతుంది, మిగిలినది మంటగా, చప్పుడుగా బయటికొస్తుంది. ఇన్‌డోర్‌లో అయితే చెవిలో ప్లగ్గులు, పైన మఫ్స్, రెండూ పెట్టుకోండి.

అసలు కష్టం గురి దగ్గరొచ్చింది. బ్యారెల్ ఒకటే, సైట్లు (గురి చూసే గుర్తులు) ఒకటే, తూటాలు రెండు రకాలు. వేగంగా వెళ్లే తూటా బ్యారెల్ పైకి లేచేలోపే బయటికెళ్లిపోతుంది, నా గన్‌లో మ్యాగ్నమ్ ఎల్ఆర్ కంటే కొంచెం కింద పడింది, ఇంకో గన్‌లో ఇంకోలా ఉండొచ్చు. మ్యాగ్నమ్‌కి సరిచేస్తే ఎల్ఆర్ పోతుంది, ఎల్ఆర్‌కి సరిచేస్తే మ్యాగ్నమ్ పోతుంది. రేంజ్‌లో ఒక పెద్దాయన, రిటైరయిన టెక్సాస్ మనిషి, నా అవస్థ చూసి చెప్పాడు, ఎక్కువ పేల్చేదానికి సైట్ సరిచేసుకో, రెండోదానికి ఎంత తేడానో కాగితం మీద రాసి పెట్టుకో అని. అలాగే చేశాను. బెంచ్ మీద బ్యాగ్ ఆసరాతో, ఒకటే బ్రాండ్ ఎల్ఆర్ రౌండ్లతో మొదలుపెట్టి, దెబ్బ ఎటు జరగాలో వెనక సైట్ అటే జరుపుతూ పోయాను. మ్యాగ్నమ్ తేడా రాసిన కార్డు ఆ సిలిండర్ సంచిలోనే ఉంటుంది. ఖర్చు చూసినా ఇదే సరైన పని, మ్యాగ్నమ్ రౌండ్ ఎల్ఆర్ కంటే మూడు రెట్ల పైనే పడుతుంది.

ఇంటికొచ్చాక చేతులు చల్లనీళ్లతో సబ్బు పెట్టి కడుక్కున్నాకే ఏదైనా ముట్టుకుంటాను, సీసం కదా. ఎల్ఆర్ సిలిండర్‌లో మసి, మైనం తొందరగా పేరుకుంటాయి, నాలుగో ఐదో రౌండ్ బిగుతుగా దూరుతోందంటే బ్రష్ పెట్టాల్సిందే.

వాడిన గన్ కొనేవాళ్లకి రెండు మాటలు. ఫ్రేమ్ పక్కన మూడు స్క్రూలు కనిపిస్తే అది 1973కి ముందు వచ్చిన పాత మోడల్, మార్పించకపోతే అందులో ట్రాన్స్‌ఫర్ బార్ (ట్రిగ్గర్ నొక్కితేనే హామర్ దెబ్బని తూటాకి చేర్చే పట్టీ) ఉండదు, హామర్ మీద దెబ్బ తగిలితే పేలొచ్చు, అందుకని ఐదే లోడ్ చేసి హామర్ కింద చాంబర్ ఖాళీగా ఉంచాలి. రూగర్ కంపెనీ వాటికి సేఫ్టీ మార్పు ఫ్రీగా చేసి, పాత పార్టులు కూడా తిరిగి పంపిస్తుంది. ఇంకోటి, రెండో సిలిండర్ ఆ గన్‌తో వచ్చిందేనా అని చూడండి. దానిమీద సీరియల్ నంబర్ చివరి అంకెలు గీసి ఉంటే ఫ్రేమ్‌తో పోల్చుకోండి, కలవకపోతే అది వేరే గన్‌ది, ఫిట్టింగ్ సరిపోయిందో లేదో గన్‌స్మిత్ చూసేదాకా పేల్చొద్దు.