శాన్ రెమో కొండదారిలో స్ట్రాటోస్‌తో ఒక ఉదయం

శనివారం సాయంత్రం ఇటలీలోని ట్యూరిన్‌లో రైలెక్కి, సముద్రపు ఒడ్డున ఉన్న శాన్ రెమోలో ఆ రాత్రి బస చేశాను. వాహన రూపకల్పన రంగంలో పనిచేస్తూ చాలాకాలంగా ట్యూరిన్‌లోనే ఉంటున్న నాకు, ఉద్యోగంలో పరిచయమై ఇప్పుడు విశ్రాంత జీవితం గడుపుతున్న ఒక పెద్దాయన, తన దగ్గరున్న లాంచియా కంపెనీ పాత ర్యాలీ కారు స్ట్రాటోస్‌ను ఒక ఉదయం నా చేతికిస్తానని మాట ఇచ్చారు. అక్టోబరు మొదటి వారాన్నీ ఈ ఊరినీ ఎంచుకున్నది ఆయనే. 1974 అక్టోబరు 1న ఈ కారుకు పోటీల్లో పాల్గొనే అర్హత లభించింది. ఆ వారంలోనే జరిగిన శాన్ రెమో ర్యాలీ అనే కార్ల పోటీలో సాండ్రో మునారి దీన్ని నడిపి విజేతగా నిలిచాడు.

ఆ అర్హత కోసమే ఈ కారు పుట్టింది. ర్యాలీల గ్రూప్ 4 విభాగంలో దిగాలంటే, పోటీకి తెచ్చే నమూనాను కంపెనీ వందల సంఖ్యలో తయారుచేసి చూపించాలి. దాన్నే హోమోలోగేషన్ అంటారు. అప్పటికే అమ్ముడవుతున్న కారును పోటీకి మలుచుకోవడం అందరూ చేసేదే. లాంచియా జట్టు సారథి చెసారే ఫియోరియో మాత్రం ర్యాలీకి ఏం కావాలో ముందు ఆలోచించి, అందుకు తగిన కారును కొత్తగా తయారుచేయించాడు. కార్ల రూపకల్పన చేసే బెర్టోనే సంస్థ 1970లో ట్యూరిన్‌లో ప్రదర్శించిన, 84 సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే ఉన్న స్ట్రాటోస్ జీరో అనే నమూనా కారు ఈ ఆలోచనకు ఊపునిచ్చింది. దాన్ని గీసిన మార్సెల్లో గాండినియే ఈ కారునూ గీశాడు. సీట్ల వెనుక అడ్డంగా అమర్చిన 2,418 సీసీ, ఆరు సిలిండర్ల వీ6 ఇంజన్ ఫెరారీ వాళ్ల డీనో కారుది. దాన్ని ఇవ్వడానికి ఆ కంపెనీ స్థాపకుడు ఎంజో ఫెరారీ చాలాకాలం తటపటాయించారు. చివరికి తయారైన కార్లు 492 అని సాధారణంగా లెక్క చెబుతారు.

పొద్దున ఏడింటికి తలుపు తెరిచి లోపలికి వంగినప్పుడు మొదట నా కంటపడింది ఆ తలుపు లోపలి గుంట. అది హెల్మెట్ పెట్టుకోవడానికి చేసినది. కిటికీ అద్దాన్ని దించడానికి తిప్పే పిడి లేదు. ఒక గుండ్రటి మరను వదులుచేసి, వంపు తిరిగిన గాడి వెంట కిందికి జార్చాలి. ముందు అద్దం మాత్రం ఎదుటి రోడ్డునంతా ఒక్క చూపులో చూపించేలా అర్ధచంద్రాకారంలో చుట్టుకొని ఉంది. వెనక్కి చూస్తే పలకల సందుల్లోంచి కాసింత ఆకాశం తప్ప మరేమీ కనిపించలేదు. రోడ్డు మీద తిరిగే మనిషి సుఖం కోసం చేసిన అమరిక ఇందులో దాదాపు ఏదీ లేదు. ఈ నిజాయితీయే నాకు అన్నిటికంటే నచ్చింది.

"చమురు వేడెక్కేదాకా రెండో గేరును తొందరపెట్టకండి" అన్నారు పెద్దాయన. మొదటి నాలుగు కిలోమీటర్లూ ఆ గేరు మొండికేస్తూనే ఉంది. పూలు పెంచే గాజు పందిళ్లూ ఆలివ్ తోటలూ దాటి శాన్ రోమోలో అనే కొండ పల్లె వైపు ఎక్కేసరికి అది మెత్తబడింది. నేను యాక్సిలరేటర్ పెడల్‌ను కొంచెం గట్టిగా అదిమాను. ఇంజన్ నిమిషానికి నాలుగు వేల తిప్పులు దాటాక, దానికి గాలినీ పెట్రోలునూ కలిపి అందించే మూడు వెబర్ కార్బ్యురేటర్లు గాలిని పీల్చే హోరు సరిగ్గా నా మెడ వెనుక మొదలైంది.

ఈ కారు స్వభావం కొలతల్లోనే తెలుస్తుంది. నేను గుంటూరులో డ్రైవింగ్ నేర్చుకున్న మారుతి 800కు ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య దూరం 2,175 మిల్లీమీటర్లు. స్ట్రాటోస్‌కు అది 2,180 మాత్రమే. వెడల్పు మాత్రం మారుతి కన్నా సుమారు ఒక అడుగు ఎక్కువ, బరువు టన్నుకు లోపే, ఇంజన్ బలం 190 గుర్రాలు. అంత కురచ కారు, అందులోనూ బరువంతా నడుము దగ్గరే ఉన్నది, స్టీరింగ్‌ను వేలెడు కదిపితే చాలు, మలుపులోకి ఒక్కసారిగా తిరిగిపోతుంది. సన్నటి దారిలో ఒకదాని వెంట ఒకటి వచ్చే మలుపులకు ఇది వరం. భయపడి మధ్యలో కాలు తీసేసేవాడికి మాత్రం ప్రమాదం. చెస్ట్‌నట్ ఆకులు రాలి తడిసి ఉన్న ఒక మలుపులో నేను అదే పొరపాటు చేశాను. వెనుక భాగం రోడ్డు అంచు వైపు జారింది. స్టీరింగ్‌ను మూడుసార్లు అటూ ఇటూ సరిదిద్దితే గాని కారు దారికి రాలేదు. పెద్దాయన ఒక్క మాటా అనలేదు.

1887 భూకంపంలో పైకప్పు కూలిన చర్చి ఇప్పటికీ అలాగే నిలిచి ఉన్న బయార్డో అనే ఊళ్లో ఆగాం. కాఫీ తాగుతూ ఆయన పాత సంగతులు చెప్పారు. 1974, 1975, 1976 సంవత్సరాల్లో వరుసగా ప్రపంచ ర్యాలీ టైటిల్ సాధించిన ఈ కారును పక్కనపెట్టి, లాంచియాకు యజమాని అయిన ఫియట్ తన 131 అబార్త్ కారును ముందుకు తెచ్చింది. మామూలు కారును పోలినది గెలిస్తే అమ్మకాలు పెరుగుతాయన్నది వాళ్ల లెక్క. లెక్కగా అది సరైనదే కావచ్చు గాని, నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 1979లో బెర్నార్ డార్నిష్ ఒక ప్రైవేటు జట్టు స్ట్రాటోస్‌తో మాంటే కార్లో ర్యాలీ గెలిచాడంటే, ఈ కారులో ఇంకా ఎంత సత్తువ మిగిలి ఉందో ఊహించవచ్చు.

చెరియానా వైపు దిగేటప్పుడు ఆయన నడిపారు. డెబ్బై దాటిన ఆ చేతులు స్టీరింగ్ మీద దాదాపు కదలలేదు. హెయిర్‌పిన్ మలుపుకు ముందు బ్రేకును తేలికగా తాకి, నేను హడలిపోయిన చోటనే వెనుక భాగాన్ని కావాలని కొద్దిగా జారనిచ్చి, కారు ముక్కు దిగే దారివైపు తిరగగానే మళ్లీ పెడల్ అదిమారు. ఆ మలుపు మొత్తానికి స్టీరింగ్‌ను ఒక్కసారే తిప్పారు. చెరియానాలో కారు ఆపి, వెనుక భాగాన్ని మొత్తంగా పైకెత్తి, సెగలు కక్కుతున్న ఇంజన్‌ను చల్లారనిస్తూ, "వచ్చే ఏడు వర్షంలో రండి" అన్నారు.