లాంగ్ బెల్ కొట్టిన సీ7

మా బడి సంచికకి రాయమంటే అందరూ మహేంద్రతనయ ఏట్లో ఈతలే రాస్తారు, నేను పర్లాకిమిడి బడిలో వెనక బెంచీ మీద ఒక కాలిక్యులేటర్ కొంప ముంచిన సంగతి రాస్తాను.

2003 డిసెంబరు, నౌపడా నుంచి చిన్న రైలు ఇంకా నడుస్తున్న రోజులు. అమెరికాలో చదివే పెద్దమ్మ కొడుకు సెలవులకొచ్చి, వారం రోజులు ఉంచుకోరా అని తన టీఐ-83 ప్లస్ (టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల గ్రాఫింగ్ కాలిక్యులేటర్) ఇచ్చాడు. లోపల జడ్80 ప్రాసెసర్. మా ఇంట్లో కంప్యూటర్ లేదు, అయినా ఫర్వాలేదు, కేటలాగ్‌లోంచి, అంటే ఆదేశాల జాబితాలోంచి, ఆస్మ్‌ప్రోగ్రామ్ అనేది తెచ్చి మొదటి వరసలో పెట్టి, కింద హెక్స్ కోడ్ (పదహారు అంకెల లెక్కలో రాసిన ప్రాసెసర్ ఆదేశాలు) కొట్టేస్తే చాలు, ఆస్మ్ అనే ఇంకో ఆదేశంతో నడిపేయొచ్చు. ఆ కోడ్ లెక్కల నోటు వెనక పేజీల్లో చేత్తోనే కట్టేవాణ్ణి.

ఆ ప్రాసెసర్ ఆదేశాల్లో నాకు బాగా నచ్చింది ఆర్‌ఎస్‌టీ. రీస్టార్ట్ అనే పేరు చూసి మోసపోకండి, అదో పొట్టి కాల్ (ఇంకోచోట ఉన్న కోడ్ నడిపి తిరిగి రావడం), అంతే (ఒక్కటి తప్ప, దాని దగ్గరికే వస్తున్నా). మామూలు కాల్‌కి 3 బైట్లు, 17 క్లాకులు (ప్రాసెసర్ గడియారం టిక్కులు). దీనికి 1 బైటు, 11 క్లాకులు, ఎందుకంటే వెళ్లగలిగే చోట్లు ఎనిమిదే, హెక్స్‌లో 0 నుంచి 38 దాకా, ఎక్కడికన్నది ఆ ఒక్క బైటులోనే ఉంటుంది. నోటీసు పుస్తకం తరగతి తరగతికీ తిప్పడం కాల్ అయితే, గంట మీద ఒక్క దెబ్బ కొట్టడం ఆర్‌ఎస్‌టీ.

ఆ ఎనిమిదింటికీ టీఐ వాళ్లు ముందే పనులు పంచేశారు. 20 అంటే హెచ్‌ఎల్ అనే రిజిస్టరు చూపించే చోటు నుంచి 9 బైట్లు, అంటే ఒక పూర్తి సంఖ్య, ఓపీ1 అనే లెక్కల గడిలోకి వస్తుంది. 30 అంటే కూడిక. అసలు తమాషా 28ది. దాని వెనక రెండు బైట్లు రాస్తే ఫ్లాష్ మెమొరీలో వేరే పేజీలో ఉన్న రొటీన్‌ని (ఒక పని చేసే కోడ్ ముక్కని) కూడా పట్టుకుని నడిపించి, తిరిగొచ్చేటప్పుడు ఆ రెండు బైట్లనీ దాటుకుని మరీ వస్తుంది!

నా మొదటి ప్రోగ్రాం నాలుగే బైట్లు: ఈఎఫ్ 40 45 సీ9. ఈఎఫ్ అంటే ఆర్‌ఎస్‌టీ 28, స్క్రీన్ తుడిచే రొటీన్ 4540 (తిరగేసి రాయాలి), సీ9 అంటే రిటర్న్. సోషల్ పీరియడ్‌లో పక్కనున్న ఒడియా ఫ్రెండ్ నా నోటు చూసి గుసగుసగా చదువుతుంటే నేను కొడుతున్నా. చివర్లో వాడు సీ7 అన్నాడు, నేను అదే కొట్టి నడిపాను.

సీ7 అంటే ఆర్‌ఎస్‌టీ 0, నిజంగానే రీస్టార్ట్ చేసే ఆ ఒక్కటి. అది లాంగ్ బెల్, అందరూ ఇంటికే. తెర మీద ర్యామ్ క్లియర్డ్ (మెమొరీ తుడిచేశాం) అని రెండు మాటలు, అన్నయ్య సెమిస్టరంతా రాసుకున్న ప్రోగ్రాముల్లో ఆర్కైవ్‌లో, అంటే చెరిగిపోని ఫ్లాష్‌లో, పెట్టిన ఒక్కటే మిగిలింది.

సాయంత్రం టెన్షన్‌తో చెప్పేశాను. అన్నయ్య తిట్టలేదు, నోటు లైటు దగ్గరికి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏరా, దీన్ని తొమ్మిది అంటారా?"