నాకు పడని మందులు

మానసిక జబ్బుకి హాలోపెరిడాల్ అనే మందు మొదలుపెట్టిన వారంలోపే నా దవడ బిగుసుకుపోయింది. మింగలేక చొంగ కారేది. మెడ, చేతులు కొయ్యబారిపోయాయి. మానసిక జబ్బే ముదిరిందనుకుని డోసు పెంచారు. అది తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. చుట్టూ వాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో నాకు వినపడుతూనే ఉంది, జవాబివ్వడానికి నోరు పెగల్లేదు.

మర్నాటికి జ్వరం 104 డిగ్రీలు దాటింది. చెమటలకి పక్క తడిసి ముద్దయింది. బీపీ ఒకసారి పైకి, ఒకసారి కిందికి. మూత్రం ముదురు గోధుమ రంగులోకి తిరగడం చూసి అక్క పట్టుబట్టి వేరే ఆసుపత్రికి మార్పించింది. అక్కడి డాక్టరుగారు నా మోచెయ్యి వంచి చూసి, వెంటనే మందుల చీటీ అడిగారు. సీపీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) రక్తపరీక్ష రాయిస్తే, వందల్లో ఉండాల్సింది వేలల్లో వచ్చింది. కండరాలు దెబ్బతిని ఆ వ్యర్థం రక్తంలో కలుస్తోందని, కిడ్నీలకి ప్రమాదమని చెప్పారు. ఆ మందువల్లే వచ్చిన దీని పేరు న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్. అరుదే, కానీ ప్రాణం తీయగలదు. హాలోపెరిడాల్ మెదడులో సంకేతాలు మోసే డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటుంది. ఏ కొద్దిమందికో దానివల్ల కండరాలూ, ఒంటి వేడీ అదుపు తప్పుతాయి. మందు ఆపేసి, సెలైన్లు పెట్టి, ఒళ్లు చల్లబరిచి, డోపమైన్‌లా పనిచేసే బ్రోమోక్రిప్టిన్ ఇచ్చారు.

జ్వరం తగ్గాక కూడా చాన్నాళ్లు చెంచా పట్టుకుందామంటే వేళ్లు వంగేవి కావు. అలాగని అసలు జబ్బుకి మందు లేకుండా ఉండలేను కదా! కొన్ని వారాలు ఆగి, అదే జబ్బుకి వాడే క్వెటియాపిన్ అనే వేరే మందు అతి తక్కువ డోసుతో మొదలుపెట్టారు. ఆ రాత్రి అక్క గంటగంటకీ లేచి నా చెయ్యి వంచి చూసింది.

ఆ తర్వాత గాల్‌బ్లాడర్ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. మత్తు డాక్టరుగారికి జరిగిందంతా చెప్పాను. మా ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు విపరీతంగా జ్వరం వచ్చిందా అని అడిగారు. మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా అని ఇంకొకటి ఉందట. పైకి నాకు వచ్చినట్టే ఉంటుంది గానీ అది వంశపారంపర్యం. సెవోఫ్లూరేన్ లాంటి మత్తు వాయువులతో, కండరాలు వదులు చేసే సక్సినైల్‌కోలిన్‌తో బయటపడుతుంది. మావాళ్లలో ఎవరికీ లేదు. అయినా ఆయన వాయువులు మానేసి, నరంలోకి ఎక్కించే ప్రొపోఫాల్‌తోనే మత్తు ఇచ్చారు.

నేను ఊహించనిది వాంతుల ఇంజెక్షన్. మెటోక్లోప్రమైడ్ కూడా డోపమైన్‌నే అడ్డుకుంటుందట. "ఇది మీకు అస్సలు ఇవ్వకూడదండీ" అంటూ కేసు షీటు మీద ఎర్ర ఇంకుతో రాసి, బదులుగా ఆన్‌డాన్‌సెట్రాన్ పెట్టారు. ఆపరేషన్ బాగా జరిగింది.

నాకు పడవని ఆయన రాసిచ్చిన మందుల పేర్లన్నీ ఒక కార్డు మీద ఎక్కించి పర్సులో పెట్టుకున్నాను. తల తిరగడానికి ఇచ్చే ప్రొక్లోర్‌పెరజైన్ కూడా అందులో ఉంది కాబట్టి, తల తిరుగుతోందని డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఆ కార్డే చూపిస్తాను.