చిలుకా, పువ్వా?

మొన్న ఊరికి వెళ్తుంటే గుట్టల పక్కన మోదుగలు విరగబూసి ఉన్నాయి. చెట్టుకి ఒక్క ఆకు లేదు, కొమ్మకొమ్మకీ నిప్పు అంటుకున్నట్టు పూలే పూలు. బండి ఆపి, కింద రాలినవాటిలోంచి ఒకటి తీసి చూశాను. తొడిమ దగ్గర నల్లటి మఖమల్ గుడ్డలాంటి చిన్న గిన్నె, అందులోంచి నారింజ రంగు రెక్కలు, ఒకటి మాత్రం వంకీ తిరిగి, కొన తేలి, అచ్చం చిలక ముక్కే.

సంస్కృతంలో దీన్ని కింశుకం అంటారు. శుకం అంటే చిలుక, కిం అంటే ప్రశ్న. 'ఇది చిలకేమిటి?' అన్న మాటే పేరైందని పండితులు చెప్తారు. ఎంత చక్కటి పేరో! చూసినవాళ్ల ఆశ్చర్యం అందులో ఇంకా అలాగే ఉంది.

ఇంకో పేరు పలాశం. పలాశమంటే ఆకు. పూలప్పుడు ఆకే ఉండని చెట్టుకి ఆ పేరేమిటి అనిపిస్తుంది కానీ, మిగతా ఏడాదంతా మనకి ఈ చెట్టుతో పని ఆకులకే కదా, మూడేసి ఆకుల రెమ్మలు కోసుకొచ్చి విస్తళ్లు, దొప్పలు కుట్టుకున్నాం. వృక్షశాస్త్రంలో దీని పాత పేరు బ్యూటియా ఫ్రాండోసా, ఫ్రాండోసా అన్నా ఆకులు నిండుగా ఉన్నదనే. ఇప్పటి పేరు మోనోస్పెర్మా, అంటే ఒకటే గింజ ఉన్నది, కాయ చూస్తే నిజమే. బ్యూటియా మాత్రం బ్యూట్ ప్రభువు అనే బ్రిటిష్ ప్రధాని పేరు, నాకది అస్సలు నచ్చదు. 1757లో యుద్ధం జరిగిన ప్లాసీ కూడా ఈ పలాశమే, బెంగాల్లో ఆ ఊరు పలాశీ, ఇంగ్లీషువాళ్ల నోట్లో ప్లాసీ అయింది.

చదువు లేనివాడు వాసన లేని కింశుకంలాంటివాడు అని ఒక సుభాషితం ఉంది. అది చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది. వాసన లేకపోతేనేం, తేనె కోసం పొద్దున్నే గోరింకలు, తేనెపిట్టలు ఆ కొమ్మల మీదే వాలతాయి, వాటికి ఆ రంగు చాలు.

సంచీ నిండా రాలిన పూలు ఏరుకొచ్చాను. రేపు హోలీ. అమ్మ వాటిని పెద్ద గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టింది, నీళ్లు అప్పుడే పసుపు తిరుగుతున్నాయి.