అమ్మ నోటుబుక్కు, సొట్ట గ్లాసు, నా అరటిపండు చాక్లెట్ కేకు

మాది బరంపురం. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. అమ్మ చదువంతా ఒడియా మీడియం కాబట్టి తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవలేదు, అందుకే ఆవిడ వంటల నోటుబుక్కు మొత్తం తెలుగు మాటలే, అక్షరాలు మాత్రం ఒడియావి. ఒడియా లిపిలో ఎ, ఏ లకి వేరే అక్షరాలుండవు, ఒ, ఓ లకీ అంతే, సో ఏది పొట్టో ఏది పొడుగో పైకి చదువుకుంటే గానీ తేలదు. పాప పుట్టినరోజుకి బయట కేకు కొనకుండా నేనే చేద్దామని ఆ బుక్కు తీశాను, అందులో అరటిపండు కేకు ఉంది, నేను కోకో కలిపి చాక్లెట్ కేకు చేసేద్దామనుకున్నా.

అందులో రాసుంది ఇంతే. మైదా రెండు గ్లాసులు, పంచదార గ్లాసు, నూనె అరగ్లాసు, పెరుగు అరగ్లాసు, మగ్గిన అరటిపళ్ళు రెండు, సోడా ముప్పావు చెంచా, కుక్కర్లో పెట్టి అయ్యాక దించాల. అయ్యాక అంటే ఎప్పుడమ్మా అంటే, "వాసనొస్తాది కదే" అంది.

మాకు ఓవెన్ లేదు. కుక్కరు మూతకి రబ్బరు, విజిల్ తీసేసి, అడుగున గ్లాసుడు ఉప్పు పోసి, మీద స్టాండు పెట్టి, పది నిమిషాలు వేడి చేసి అప్పుడు కేకు గిన్నె పెట్టాలి. నీళ్ళు మాత్రం పోయకూడదు. సరే అలాగే పెట్టాను, గంట దాటింది, పైన పగిలి గట్టిపడింది, చాకు గుచ్చితే లోపలంతా పచ్చి పిండి. పక్కింటి మావుసి, అంటే ఒడియాలో పిన్ని, వచ్చి చూసి నవ్వింది. ఆవిడ ఒడియావాళ్ళ రొజొ పండక్కి అరిటాకులో చుట్టి నిప్పుల మీద పొడొపిఠా అనే పిండివంట కాలుస్తుంది, సన్న సెగ మీద రాత్రంతా, ఆవిడ ముందు నా కుక్కరు ఎంత! మంట బాగా తగ్గించమంది, గిన్నె సగానికి మించి నింపొద్దంది.

కానీ అసలు తప్పు మంట కాదు, గ్లాసు. అన్నీ ఒకే గ్లాసుతో కొలిస్తే ఏ గ్లాసైనా పేచీ లేదనుకున్నా, కానీ అరటిపళ్ళు రెండంటే రెండే కదా, సోడా ముప్పావు చెంచా అంటే అంతే కదా, నా పెద్ద గ్లాసుకి అవెక్కడ సరిపోతాయి. పైగా నేను కోకో అదనంగా వేశాను, అది తడంతా పీల్చేస్తుంది. "ఏ గ్లాసేటే, మనింట్లో గ్లాసే!" అని అమ్మ అల్మారా వెనక నుంచి అంచు దగ్గర సొట్టపడిన స్టీలు గ్లాసు తీసి ఇచ్చింది. నీళ్ళు నింపి పాప పాత పాలసీసాలో పోసి చూస్తే 150 ఎంఎల్. ముప్ఫై ఏళ్ళ కొలత ఆ సొట్ట గ్లాసులో ఉందన్నమాట, బుక్కులో లేదు!

కోపమొచ్చింది గానీ తర్వాత చదివితే తెలిసింది, అమ్మకి చాలా పెద్ద తోడే ఉందని. అమెరికాలో యేల్ యూనివర్సిటీలో బాబిలోనియా (ఇప్పటి ఇరాక్ వైపు) మట్టిపలకలున్నాయి, దాదాపు 3,700 ఏళ్ళ నాటివి, వాటి మీద మాంసం పులుసులు ఎలా వండాలో రాసుంది, ఏమేం వెయ్యాలో ఉంది, ఎంతెంతో దాదాపు లేదు. వంటవాడికి ఎలాగూ తెలుసు కదా అని కాబోలు. 12వ శతాబ్దంలో చాళుక్య రాజు సోమేశ్వరుడు రాయించిన మానసోల్లాసంలో మినప్పిండితో చేసే, మన ఇడ్లీ లాంటి ఇడ్డరిక ఉంది, అంటే రాజుగారు కూడా వంటలు రాయించుకున్నారు. కావలసిన సామాన్లు, కొలతలు విడిగా రాసే పద్ధతి 1845లో ఇంగ్లండులో ఎలైజా ఆక్టన్ వంటల పుస్తకంలో కనిపిస్తుంది. ఇక కప్పు, చెంచా అంచుకి సమానంగా చదును చేసి కొలవండి అని గట్టిగా పట్టుబట్టింది 1896లో అమెరికాలో, బోస్టన్‌లో వంటలు నేర్పే ఫానీ ఫార్మర్. నాకైతే ఆవిడ కాళ్ళకి దండం పెట్టాలనిపించింది.

రెండోసారి సొట్ట గ్లాసుతోనే కొలిచాను. మూడు చెంచాల కోకో వేసి మైదా మూడు చెంచాలు తగ్గించాను, తొక్క నల్లబడిన పళ్ళు చేత్తో పిసికాను. సోడా మాత్రం చిన్న చెంచాతో కొలిచి చాకు వీపుతో గీశాను, అది ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది మరి, పెరుగు పులుపు ఉన్నంత మేరే దానికి పని. పిండిలో తడి తగలగానే బుడగలు మొదలవుతాయి కాబట్టి కలిపి కూర్చోకూడదు, వెంటనే కుక్కర్లో పెట్టెయ్యాలి. సన్నమంట మీద 50 నిమిషాలు పట్టింది, నిజంగానే అమ్మ చెప్పిన వాసన 45కే వచ్చింది.

ఆ రాత్రి అమ్మ పేజీ కిందే నేను తెలుగులో అన్నీ ఎంఎల్‌లో, నిమిషాల్లో నీటుగా రాశాను. అమ్మ అది చదవలేదు కదా, పైకి చదవమని పక్కన కూర్చుని తన అక్షరాల్లో మళ్ళీ రాసుకుంది. 150 ఎంఎల్ అన్నచోట ఒక్క క్షణం పెన్ను ఆపి, "మనింట్లో గ్లాసు" అని రాసింది.